మీకు తెలుసా? నాలుగు పటాల మూలన దేవరాపల్లి

చోడవరం నుంచి ఉత్తరంగా బస్సెక్కితే దారికి రెండు పక్కలా చెరకు, వరి, అక్కడక్కడా సరుగుడు. కిటికీలో కొండలు ముందు నీలంగా, తర్వాత పచ్చగా, ఆఖరికి ఏ చెట్టుకా చెట్టుగా కనబడేసరికి దేవరాపల్లి వస్తుంది. ఊరికి పైన శారదానది మీద రైవాడ జలాశయం. దానికీ పైన అనంతగిరి కొండలు. సెల్‌ఫోన్ పటంలో చూస్తే ఆ కొండలన్నీ కలిపి ఒక ఆకుపచ్చ మచ్చ. వేళ్లతో ఎంత సాగదీసినా మచ్చ పెద్దదవుతుంది గాని గెడ్డ, అంటే వాగు, దొరకదు, బాట దొరకదు. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీట్ తీస్తే మాత్రం అదే మచ్చ గోధుమరంగు గీతలుగా, నీలి గెడ్డలుగా, చుక్కల బాటలుగా విడిపోతుంది. ఆ గీతలు పట్టుకుని పోతే తగిలిన సంగతులు కొన్ని.

ఒక ఊరు, నాలుగు పటాలు

దేవరాపల్లికి దగ్గర్లోనే 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమూ 83 డిగ్రీల తూర్పు రేఖాంశమూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మామూలుగా ఇదేమంత వింత కాదు. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ రెండూ కలవాల్సిందే. అయితే సర్వే వాళ్లు దేశాన్ని ముక్కలుగా కోసింది సరిగ్గా ఈ గీతల వెంటే. దాంతో ఒక్క చిన్న మండల కేంద్రం చుట్టుపక్కలు చూడాలన్నా నాలుగు షీట్లు పరవాల్సి వస్తోంది.

ఆ కోత ఎలా జరిగిందో చెప్పాలి. ముందు దేశాన్నంతా నాలుగు డిగ్రీల గళ్లు చేసి అంకెలు వేశారు. 80 నుంచి 84 డిగ్రీల రేఖాంశం, 16 నుంచి 20 డిగ్రీల అక్షాంశం నడుమనున్న గడి నంబరు 65. దాన్ని ఒక్కో డిగ్రీ లెక్కన పదహారు ముక్కలు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలిచ్చారు. ఒక్కో ముక్కను మళ్లీ పదహారు చేసి 1 నుంచి 16 దాకా అంకెలిచ్చారు. లెక్క ఎడమ నుంచి కుడికి పోదు. బావిలోకి చేద దిగినట్టు పై నుంచి కిందికి దిగుతుంది, పక్క వరసకెళ్లి మళ్లీ పై నుంచి దిగుతుంది. ఈ లెక్కన దేవరాపల్లి, చోడవరం రెండూ 65 కె/13లో పడ్డాయి. 18వ అక్షాంశం దాటి ఉత్తరానికి పోతే 65 జె/16. రేఖాంశం దాటి తూర్పుకు పోతే 65 ఓ/1. ఈశాన్యానికి 65 ఎన్/4. ఊరు ఒక షీటులో, ఊరికి నీళ్లిచ్చే కొండలు వేరే షీట్లలో.

ఒక్కో షీటు 1:50,000 కొలతలో ఉంటుంది, అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. మన అక్షాంశం దగ్గర పటం ఎత్తు 55 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు 53కు కాస్త తక్కువ. అందులో ఇమిడే నేల దాదాపు 730 చదరపు కిలోమీటర్లు.

నాలుగూ ప్రింటు తీయించి, అంచులు కత్తిరించి, గచ్చు మీద అతికిద్దామని నేనొకసారి కూర్చున్నాను. మూడు షీట్లు బుద్ధిగా కలిశాయి. నాలుగోదాంట్లో గీతలు పక్కదాని గీతల్ని అందుకోవు. కొండ ఒకచోట తెగి, వేలెడు దూరంలో మళ్లీ మొదలవుతోంది. తీరా చూస్తే ప్రింటు కొట్టులో కుర్రాడు ఆ ఒక్క షీటును కాగితానికి సరిపెట్టడానికి కొంచెం కుదించాడు. ఎంత కుదించాడో స్కేలుతో కొలిస్తే వందకు నాలుగు వంతులు. నాలుగు వంతులంటే నవ్వొస్తుంది గాని, షీటు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేసరికి అది కిలోమీటరు తేడా.

తిన్నగా ఉత్తరానికి పోతే కాశీ

83వ రేఖాంశం పట్టుకుని ఉత్తరానికి నడుస్తూ పోతే, అడవులూ కొండలూ దాటి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో తగిలేది వారణాసి. కాశీ ఘాట్లు కూడా 83 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. మన అనంతగిరి మండలంలో కాశీపట్నం అనే ఊరుంది. దానికీ దీనికీ ముడిపెట్టబోవడం లేదు. పటం చూసేవాడికి ఇలాంటివి కళ్లబడకుండా ఉండవు, అంతే.

అదే గీత పట్టుకుని దక్షిణానికి దిగితే అనకాపల్లి వస్తుంది, తర్వాత పూడిమడక తీరం. ఆ తర్వాత సముద్రమే. శ్రీలంక పశ్చిమాన తప్పుకుంటుంది. పూడిమడకలో తెప్ప దించి రేఖాంశం వదలకుండా పోగలిగితే మళ్లీ కాలు మోపే నేల అంటార్కిటికా.

18వ అక్షాంశం సంగతీ చూద్దాం. పశ్చిమాన అది వరంగల్ మీదుగా పోతుంది. తూర్పున బంగాళాఖాతం దాటాక లావోస్ రాజధాని వియంటియాన్ తగులుతుంది. భూమికి అవతలి వైపు జమైకా రాజధాని కింగ్‌స్టన్ కూడా దాదాపు ఇదే గీత మీద ఉంది. చలికాలం పగలు ఎంత పొడవో, ఎండాకాలం పగలు ఎంత పొడవో దేవరాపల్లికీ కింగ్‌స్టన్‌కూ ఒకటే లెక్క.

మన గడియారం రెండు నిమిషాలు వెనక

దేశమంతటికీ సమయం చెప్పే రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. అది తుని దాపుగా పోతుంది. దేవరాపల్లి దానికి అర డిగ్రీ తూర్పున ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు రెండు నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. ఏటా రెండు రోజులు ఇక్కడ నిలబెట్టిన కర్రకు నీడుండదు. మే 12 దాపున ఒకసారి, ఆగస్టు 1 దాపున మరోసారి. మొదటిసారి గడియారంలో 11 గంటల 54 నిమిషాలకు, రెండోసారి 12 గంటల 4 నిమిషాలకు. ఇంట్లో రోకలి నిటారుగా నిలబెట్టి చూడొచ్చు. ఆగస్టులో మబ్బు అడ్డొస్తే తప్పు నాది కాదు.

114 మీటర్లంటే లోతు కాదు

వానాకాలంలో పేపరు తెరిస్తే జిల్లా పేజీలో ఒక వరస కనబడుతుంది. రైవాడ 114 మీటర్లు. కోనాం 101.25 మీటర్లు. తాటిపూడి 297 అడుగులు. కల్యాణపులోవ 460 అడుగులు. ఇవి చదివి జలాశయం 114 మీటర్ల లోతుందనుకునే వాళ్లు నాకు చాలామందే తగిలారు. ఒకాయనైతే ముప్ఫై అంతస్తుల మేడ మునిగిపోతుందని లెక్క కట్టి చెప్పాడు. అది లోతు కాదు. నిండుగా ఉన్నప్పుడు నీటి ఉపరితలం సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో చెప్పే అంకె అది.

ఒకచోట మీటర్లు, ఒకచోట అడుగులు రాయడంతో ఏది పైన, ఏది కింద అన్నది కంటికి ఆనదు. అన్నీ మీటర్లలోకి మారిస్తే కల్యాణపులోవ 140, రైవాడ 114, కోనాం 101, తాటిపూడి 90. పెద్ద అంకెలా కనిపించిన తాటిపూడి నిజానికి అన్నిటికన్నా కింద ఉంది. రైవాడ నీరు కాలువలో విశాఖ దాకా పోతుందంటే మూలం ఈ ఎత్తే. నీటికి పల్లం చూపిస్తే చాలు. ఆ నీళ్లు ముందు ఆయకట్టుకా, నగరానికా అన్న తగవు వేరే. అది ఏ టోపోషీట్ మీదా కనబడదు.

మరి సముద్రమట్టం అనేది ఎక్కడ? పోటు ఉంటుంది, పాటు ఉంటుంది, అల ఉంటుంది. ఏ క్షణాన్ని సున్నా అనాలి? దేశంలో తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి పోటుపాట్లు కొలిచి సగటు తీసి, దాన్ని సున్నా అనుకున్నారు. 1909లో ఖాయం చేసిన ఆ లెక్కలో కరాచీ, ముంబయి, మద్రాసు, నాగపట్నంలతో పాటు విశాఖపట్నం రేవు కూడా ఉంది. హిమాలయాల్లో ఒక మైలురాయి మీద రాసిన ఎత్తులో మన రేవు అలకూ కాస్త వాటా ఉందన్నమాట.

వేలెడు దూరం, పూటంతా నడక

1:50,000 షీటులో ఎత్తు గీతలు ఇరవై మీటర్లకొకటి. ఒక గీత మీద ఎక్కడ వేలు పెట్టినా ఎత్తు ఒకటే. ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది, అది వంద మీటర్ల మెట్టు. గీతలు దూరదూరంగా ఉంటే పొలం, దగ్గరైతే వాలు, ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంటే గోడ. రైవాడ నీటి అంచు నుంచి వెయ్యి మీటర్లు దాటిన అనంతగిరి గట్ల దాకా లెక్కపెడితే నలభై అయిదు గీతలు దాటాలి. చోడవరం నుంచి దేవరాపల్లి దాకా అన్ని కిలోమీటర్లు వచ్చినా చేతివేళ్లకు సరిపడా గీతలు కూడా తగలవు.

పటం మోసం చేసేది ఇక్కడే. రెండు గూడేల మధ్య స్కేలు పెడితే నాలుగు సెంటీమీటర్లు, అంటే రెండు కిలోమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. ఆ నాలుగు సెంటీమీటర్ల మధ్యలో మూడు వందల మీటర్ల లోతు గెడ్డ ఉంటే పదిహేను గీతలు దిగి, మళ్లీ పదిహేను గీతలెక్కాలి. గెడ్డ పొంగిందా, ఆ పూటకు అక్కడే ఆగాలి. ఈ కొండల నుంచి గర్భిణులను, జ్వరం తగిలిన వాళ్లను డోలీలో మోసుకొచ్చిన వార్త ప్రతి వానాకాలమూ వస్తుంది. ఒక గట్టి కర్ర, దానికి వేలాడే దుప్పటి, ముందొకరు వెనకొకరు. మోసేవాళ్లకు దూరం కిలోమీటర్లలో తెలియదు. ఎన్నిచోట్ల భుజం మార్చుకున్నారో అది తెలుసు. టోపోషీట్ మీద ఆ బాట ఉంటుంది, సన్నటి తెగిన గీతగా.

ఇంకో చిన్న సంగతి. పటం మీద ప్రతి వాగూ నీలంగా ఉండదు. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయి ఉండే వాగును సర్వే వారు నల్లగా గీస్తారు. నీలం చూసి నీళ్లకు బయల్దేరొచ్చు, నలుపు చూసి బయల్దేరకూడదు.

ఒకే వాన, సముద్రానికి మూడు దారులు

నాకు అన్నిటికన్నా నచ్చినది ఇది. అనంతగిరి, మాడుగుల కొండల గట్ల మీద పడిన వాన ఏ వాలున పడిందన్న దాన్ని బట్టి మూడు నదుల్లో ఒకదానిలోకి పోతుంది.

దక్షిణపు వాలున పడితే శారద. వెయ్యి మీటర్ల ఎత్తున పుట్టి, రైవాడలో కాసేపు ఆగి, అనకాపల్లి మీదుగా సుమారు 122 కిలోమీటర్లు నడిచి రాంబిల్లి ప్రాంతంలో సముద్రం చేరుతుంది. తూర్పు వాలున పడితే గోస్తని. బొర్రా గుహల గుండా దూరి, తాటిపూడి నింపి, భీమిలిలో కలుస్తుంది.

పడమటి వాలున పడిన చుక్క మాత్రం సముద్రానికి వీపు తిప్పుతుంది. ఎగువన దాని పేరు మత్స్యగెడ్డ. పాడేరు, హుకుంపేట వైపు మత్స్యగుండంలో చేపల్ని దేవుడిలా చూసుకుంటారు, ఎవరూ పట్టరు. దిగువకు పోతే అదే మాచ్‌ఖండ్, ఆంధ్రకూ ఒడిశాకూ సరిహద్దు. జోలాపుట్టులో ఆగి, డుడుమ దగ్గర జలపాతమై దూకుతుంది. 1955 నుంచి అక్కడ కరెంటు పుట్టిస్తున్నారు. ఆపైన పేరు మార్చుకుని సీలేరు, సీలేరు పోయి శబరిలో, శబరి పోయి కూనవరం దగ్గర గోదావరిలో. పాపికొండలు దాటి, ధవళేశ్వరం ఆనకట్ట దిగి, కోనసీమ చుట్టూ తిరిగి ఆఖరికి అదే బంగాళాఖాతం.

గట్టు మీద రెండు కాళ్లు చెరో పక్క వేసి నిలబడ్డ వాడి గొడుగు మీద నుంచి జారిన నీరు ఒక పక్క అనకాపల్లి పోతే, ఇంకో పక్క రాజమహేంద్రవరం పోతుంది. ఆ గట్టు నుంచి తూర్పు తీరం తిన్నగా కొలిస్తే వంద కిలోమీటర్లు కూడా లేదు. శబరి దారి పట్టిన చుక్క మాత్రం వందల కిలోమీటర్లు తిరిగొస్తుంది. టోపోషీట్ మీద ఈ గట్టును కనిపెట్టడం తేలికే. పెన్సిలు పట్టుకుని ఏ గెడ్డనూ దాటకుండా గీత గీసుకుంటూ పోవాలి, అంతే. చెయ్యి ఎక్కడ గెడ్డకు తగిలితే అక్కడ దారి తప్పినట్టు.

అనంతగిరికి నదుల్ని కనే అలవాటు

తెలంగాణలో వికారాబాద్ దగ్గర ఇంకో అనంతగిరి కొండలున్నాయి. హైదరాబాద్ మూసీ అక్కడే పుడుతుంది. దేవరాపల్లికీ ఇలాంటి జంట ఉంది, గోదావరి జిల్లాల్లో ఇంకో దేవరాపల్లి మండలం. పార్సిలు మీద జిల్లా పేరు రాయకపోతే ఏమవుతుందో రెండు ఊళ్ల వాళ్లూ చెప్పగలరు.

అంటార్కిటికాతో చుట్టరికం

దక్షిణానికి పోతే అంటార్కిటికాయే దిక్కన్నాను కదా. భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో అది ఒకప్పుడు పక్కిల్లు. తూర్పు కనుమల రాళ్లూ, తూర్పు అంటార్కిటికాలో రేనర్ అనే ప్రాంతపు రాళ్లూ దాదాపు వంద కోట్ల ఏళ్ల నాడు ఒకే వేడిలో, ఒకే ఒత్తిడిలో ఉడికినవి. రెండూ గోండ్వానా అనే మహాఖండంలో ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. గోండ్వానా అన్న మాట గోండుల నేల నుంచి వచ్చింది.

ఈ కొండల్లో ఎక్కువగా దొరికే రాయి పేరు ఖోండలైట్. కొండల మీద బతికే ఖోండుల పేరు దానికి పెట్టినవాడు టి. ఎల్. వాకర్ అనే శాస్త్రజ్ఞుడు, 1902లో. కోణార్కలోనూ పూరీ జగన్నాథుడి గుడిలోనూ శిల్పులు చెక్కింది ఈ జాతి రాయినే. చెక్కడానికి మెత్తగా లొంగుతుంది, వానకూ ఉప్పుగాలికీ అంతే మెత్తగా లొంగిపోతుంది. ఎత్తైన గట్ల మీద లక్షల ఏళ్ల వానకు ఇదే రాయి నాని, కరగగలిగినదంతా కరిగి, మిగిలిన టోపీయే బాక్సైట్. ఈ కొండల మీద ఇన్నేళ్లుగా నడిచిన గొడవల్లో చాలా మటుకు ఆ ఎర్ర టోపీ కోసమే.

దీనికి తోడుండే మరో రాయి చార్నకైట్. కలకత్తా కట్టాడని చెప్పే జాబ్ చార్నక్ సమాధి రాయి పేరు మీద వచ్చింది. తెగల పేరున ఒక రాయి, తెల్లదొర సమాధి పేరున ఒక రాయి, ఒకే కొండలో పక్కపక్కన.

కొండల్ని కొలిచినవాళ్లకు జ్వరమొచ్చింది

1802 ఏప్రిల్ 10న మద్రాసు పరంగిమల దగ్గర విలియం లాంబ్టన్ నేల మీద ఒక గీత కొలవడంతో దేశాన్ని త్రిభుజాలుగా కొలిచే మహా సర్వే మొదలైంది. ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ లెక్కలో దొరుకుతాయి. అందుకే ఆ మొదటి గీత, అంటే ఆధార రేఖ, వెంట్రుకవాసి తేడా లేకుండా కొలవాలి.

1819లో లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ కృష్ణకూ గోదావరికీ నడుమ ఎల్లాపురం అడవుల్లో దిగాడు. వానాకాలంలో అడవి జ్వరం అతణ్నీ, వెంట ఉన్న జనాన్నీ పడగొట్టింది. కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్ దాకా పోవాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి తర్వాత ఎవరి పేరు పెట్టారో ఆ మనిషిని మన తెలుగు అడవి దోమ ముందే ఒకసారి పరీక్ష చేసింది.

విశాఖపట్నం వంతు 1862–63లో వచ్చింది. 1831 నుంచి 1869 దాకా దేశం మొత్తంలో పది ఆధార రేఖలు కోల్బీ పట్టీలతో కొలిచారు, వాటిలో విశాఖపట్నం రేఖ ఒకటి. పట్టీల పనితనం చూడండి. ఎండకు ఇనుము సాగుతుంది, ఇత్తడి ఇంకా ఎక్కువ సాగుతుంది. పదడుగుల ఇనుప పట్టీ, ఇత్తడి పట్టీ జోడు కట్టి, చివర్న చిన్న నాలుకలు అమర్చారు. రెండూ సాగిన తేడా ఆ నాలుకను వాల్చుతుంది. నాలుక కొనమీద పెట్టిన చుక్క మాత్రం ఉన్నచోటే ఉంటుంది. విశాఖ ఎండలో ఆ చుక్క కదలకుండా నిలబడిందంటే ఆ తెలివికి దణ్ణం పెట్టాలి. ఈ రేఖ పనిలో ఉన్న జేమ్స్ బసేవి అనే ఇంజినీరు తర్వాత లోలకం పట్టుకుని భూమి ఆకర్షణ ఎంతో తూస్తూ తిరిగాడు. 1871లో లడఖ్ ఎత్తుల్లో ఆ పని మీదే పోయాడు.

ఆ రోజుల్లో జ్వరం, ఈ రోజుల్లో ఆకులు

అడవి కొండను కొలవడం ఇప్పటికీ అంత తేలిక కాదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజులు తిరిగి భూమి ఎత్తుపల్లాలను రాడార్‌తో పట్టింది. ఇవాళ మనం ఫోన్లలో చూసే కొండల ఎత్తులకు అదొక పెద్ద ఆధారం. దట్టమైన అడవి మీద ఆ రాడార్ నేల దాకా పోదు, చాలామటుకు కొమ్మల్లోనే ఆగి వెనక్కొస్తుంది. అంటే ఫోను చెప్పే కొండ ఎత్తులో కొంత చెట్టు కూడా కలిసే ఉంటుంది. మన పాఠ్యపుస్తకాలు అర్మకొండ శిఖరం ఎత్తు 1,680 మీటర్లంటాయి. ఒడిశా వాళ్ల దేవమాలి 1,672. ఎనిమిది మీటర్ల తేడా, ఒక మోస్తరు చెట్టు ఎత్తు.

బొర్రా గుహలూ, 1807 అనే అంకే

బొర్రా గుహల్ని 1807లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని బోర్డుల మీదా పుస్తకాల్లోనూ చదివే ఉంటారు. ఆ శాఖ పుట్టిందే 1851లో. పుట్టని ఆఫీసులో ఉద్యోగం ఎవరిచ్చారు? విలియం కింగ్ నిజంగా ఉన్నాడు, ఆ శాఖకు అధిపతి కూడా అయ్యాడు, అయితే 1880ల చివర్లో. ఆవులు మేపుకునే వాళ్లకు ఆ గుహ ఎప్పట్నించో తెలుసు. నదికి గోస్తని అన్న పేరు ఏ దొర పెట్టిందీ కాదు.

పేరు చివర చూస్తే ఎత్తు తెలుస్తుంది

టోపోషీట్ మీద ఊళ్ల పేర్లు చదువుకుంటూ పైకి పోతే ఒక వింత. కింద మైదానంలో పల్లి, పాలెం, వలస, వాడ. పైకెక్కితే గుడ, పుట్టు, బయలు, గరువు. కొత్తవలస, రైవాడ కింద. డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు, పెదబయలు పైన. ఖచ్చితమైన సూత్రం కాదిది, మినహాయింపులు బోలెడు. అయినా ఎత్తు గీతలు చెరిపేసి పేర్లు మాత్రం మిగిల్చిన పటం ఇస్తే, కొండ ఎక్కడ మొదలవుతుందో ఇంచుమించు చెప్పొచ్చు. కొత్తవలస నుంచి రైలు ఎక్కి కొండల్లోకి పోతే శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల మీద ఉంటుంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి రైలుకు అంతకన్నా ఎత్తు స్టేషను లేదు. వలసలో ఎక్కి గుడలో దిగడం అన్నమాట.

గెడ్డ అనే మాట కూడా ఈ వైపుదే. కృష్ణా జిల్లా వాళ్లు వాగంటారు, ఇక్కడ గెడ్డ. సర్వే దొరలు దాన్ని అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పోయారు.

కొండ పాదాన ఇంకో గీత

షీటు మీద కనిపించని గీతలు కొన్ని కనిపించేవాటికన్నా బరువైనవి. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రాంతపు హద్దు ఈ కొండల అంచు వెంట పోతుంది. దానికి ముత్తాత 1839 నాటి చట్టం, గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మామూలు పాలన నుంచి తప్పించి కలెక్టరు ఏజెంటుగా చూడమంది. ఏజెన్సీ అన్న మాట అలా వచ్చింది. గీతకు పైన అనంతగిరి షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా 1/70 చట్టం అడ్డముంటుంది. గీతకు కింద దేవరాపల్లి, చీడికాడ లాంటి మండలాల్లో అవే తెగల జనం ఉన్న గూడేలున్నాయి, ఆ చట్టం మాత్రం లేదు. గిరిజనులే, కొండే, పోడే. కాగితం వేరు. నాన్ షెడ్యూల్డు అన్న మాట ఇక్కడ చదువురాని ముసలమ్మ నోట కూడా వినిపిస్తుంది.

1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల వాళ్లకు లీజుకివ్వకూడదన్నది, పుట్టింది ఈ అనంతగిరి మండలంలోనే, బొర్రా పరిసరాల గనుల తగవు నుంచి. 2022 ఏప్రిల్ 4న ఇంకో గీత వచ్చి చేరింది. అంతవరకూ ఒకే విశాఖపట్నం జిల్లాగా ఉన్న కొండా మైదానమూ విడిపోయాయి. దేవరాపల్లి అనకాపల్లి జిల్లాకు, అనంతగిరి పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాకు. శారదానది పుట్టడం ఒక జిల్లాలో, నిండడం ఒక జిల్లాలో.

పటం కూడా దాచుకున్న రోజులు

సముద్ర తీరానికి సుమారు 80 కిలోమీటర్ల లోపు టోపోషీట్లు చాలాకాలం మామూలు మనిషికి అమ్మేవాళ్లు కాదు, రక్షణ కారణాలని. దేవరాపల్లి ఆ పట్టీలోపలే పడింది. 1950లలో అమెరికా సైన్యం మన దేశం పటాలు 1:2,50,000 కొలతలో అచ్చేసుకుంది, అవి విదేశీ లైబ్రరీల్లో ఎవరైనా చూడొచ్చు. చెట్టు కింద కూర్చున్న మనకు మాత్రం మన కొండ చూపించేవాళ్లు కాదు. 2005లో పటాల విధానం మారి జనానికి వేరే వరస తెచ్చారు. అందులో 65 నంబరు గడి ఇ-44 అనే ఇంకా పెద్ద గడిలో పడింది. 2017లో సర్వే సంస్థకు 250 ఏళ్లు నిండినప్పుడు నక్షే అనే పోర్టల్ పెట్టి ఉచితంగా దించుకోమన్నారు. 2021 ఫిబ్రవరిలో మిగతా ఆంక్షలు కూడా చాలావరకు సడలాయి.

పేరు మారినా కోత మారలేదు. ఇప్పుడు దించుకున్నా 18, 83 దగ్గర నాలుగు ఫైళ్లే. పెద్ద రోడ్డు షీటు అంచు దాటుతుంటే అక్కడ ఫలానా ఊరికి ఇన్ని కిలోమీటర్లని రాస్తారు. కాలిబాటకు చాలాసార్లు ఆ మర్యాద కూడా ఉండదు. తెగిన గీత అలా కొండెక్కుతూ ఎక్కుతూ అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. అది ఎవరి గూడేనికి పోతుందో చూడాలంటే 65 కె/13 మడిచి పక్కన పెట్టి, 65 జె/16 తియ్యాలి.